దంత సందేహాలు: ఇంప్లాంట్ చుట్టూ చిగురు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంప్లాంట్ల గురించే, అంటే పోయిన పంటి చోట దవడ ఎముకలో బిగించే పళ్ల గురించి. ధర ఎంతవుతుందని అడిగినవాటిని పక్కన పెట్టాను, అది ఊరిని బట్టి, క్లినిక్‌ని బట్టి మారుతుంది. నేను కాకినాడలో చిగుళ్ల వైద్యం చేస్తాను. ఇంప్లాంట్ వేయించుకున్న రోజు సంతోషం నేను పెద్దగా చూడను. నాలుగైదేళ్ల తర్వాత దాని చుట్టూ చిగురు వాచినప్పుడు నా దగ్గరికి వస్తారు. ఆ రెండు రోజుల మధ్య పేషెంటుకు ఎవరూ చెప్పని విషయాలు చాలా ఉన్నాయి. ఈ నెల వాటి గురించే రాస్తున్నాను.

నాకు 64 ఏళ్లు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. కింద కుడివైపు దవడ పన్ను తీసేసి ఏడాదైంది. ఇక్కడి డాక్టరు టైటానియం ఇంప్లాంట్ వేస్తానన్నారు. మా అబ్బాయి హైదరాబాద్‌లో చూపించిన చోట మాత్రం, "టైటానియం లోహం కదా, దానికి బ్యాక్టీరియా పడుతుంది, చిగురు పాడవుతుంది. జిర్కోనియా అయితే ఆ బాధ ఉండదు" అన్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. ఏది నిజం? – రిటైర్డ్ టీచర్, భీమవరం

మాస్టారూ, వాళ్లన్నదాంట్లో కొంత నిజం ఉంది. మీ పన్ను విషయంలో మాత్రం ఆ కొంత నిజం కోసం అంత డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంప్లాంట్ అంటే ఒకే ముక్క కాదు. ఎముకలోకి దిగే స్క్రూ ఒకటి. దాని మీద బిగించి, చిగురు గుండా పైకి వచ్చే భాగం ఇంకొకటి, దాన్ని అబట్‌మెంట్ అంటాం. ఆ పైన బయటికి కనిపించే క్యాప్ మూడోది. మూడూ వేర్వేరు పదార్థాలతో ఉండొచ్చు. చిగురుకీ బ్యాక్టీరియాకీ సంబంధించిన కథంతా ఆ మధ్య భాగం దగ్గర, రెండు మూడు మిల్లీమీటర్ల మేర నడుస్తుంది. టైటానియమా, జిర్కోనియా అనే తెల్లటి సెరామికా అని అడిగేటప్పుడు ముందు ఏ భాగం గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి.

టైటానియం ఎముకతో కలిసిపోతుందన్న సంగతి అనుకోకుండా బయటపడింది. ఎముక మజ్జలో రక్తం ఎలా పారుతుందో చూడడానికి 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో ఒక టైటానియం పరికరం అమర్చారు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి ఒక మనిషి దవడలో అలాంటి స్క్రూలు వేశారు. ఆయన 2006లో పోయేదాకా అవి ఆయన నోట్లో పనిచేస్తూనే ఉన్నాయి. ఇంత సుదీర్ఘమైన అనుభవం జిర్కోనియాకి ఇంకా రాలేదు.

"లోహం కాబట్టి బ్యాక్టీరియా" అన్న మాట సరికాదు. టైటానియానికి గాలి తగలగానే పైన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. మన ఎముకా చిగురూ తాకేది ఆ పొరనే. గీసుకుపోయినా మళ్లీ ఏర్పడుతుంది.

ఇక బ్యాక్టీరియా సంగతి. నోట్లో ఏ వస్తువు పెట్టినా నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు దాని మీద పల్చటి పొరలా పట్టుకుంటాయి. కొన్ని గంటల్లో స్ట్రెప్టోకాకస్ రకాలు వచ్చి ఆ పొరకు అతుక్కుంటాయి. వీటితో చిగురుకి పెద్ద హాని లేదు. శుభ్రం చేయకుండా వదిలేస్తే వాటి మీదికి ఫ్యూసోబ్యాక్టీరియం చేరుతుంది. ముందు వచ్చినవాటినీ తర్వాత రాబోయేవాటినీ ఇది కలిపి పట్టుకుంటుంది. ఆ తర్వాత, గాలి ఆడని లోతుల్లో, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటివి స్థిరపడతాయి. చిగురు వాచి ఎముక కరిగే దశలో పెరిగి కనిపించేవి ఇవే. కింద ఉన్నది పన్నయినా, టైటానియమైనా, జిర్కోనియా అయినా ఈ వరస దాదాపు ఇంతే.

మరి వాళ్లన్నదాంట్లో నిజం ఏమిటంటారా? ఇటలీ పరిశోధకులు 10 మంది నోట్లో టైటానియం, జిర్కోనియా బిళ్లలు ఒక రోజు ఉంచి చూసి, 2004లో ఆ ఫలితాలు ప్రచురించారు. టైటానియం బిళ్ల మీద 19.3 శాతం మేర బ్యాక్టీరియా పరుచుకుంది, జిర్కోనియా మీద 12.1 శాతం మేర. తేడా స్పష్టంగానే ఉంది. కానీ అది 24 గంటల లెక్క. రోజూ తోముకునే మనిషి నోట్లో ఆ 24 గంటల పాచి ఎలాగూ పోతుంది. తోముకోని మనిషి నోట్లో అది పెరుగుతూ పోయి, కింద ఏ పదార్థం ఉందో దానికి పట్టని స్థితికి వస్తుంది. నెలల తరబడి నోట్లో ఉన్న అబట్‌మెంట్లను పోల్చి చూసినప్పుడు బ్యాక్టీరియాలో గానీ చిగురు వాపులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పదార్థం కన్నా నునుపుదనం ముఖ్యం. నాకు నిజంగా పట్టింపు ఉన్న విషయం ఇదే. 1990ల్లో బెల్జియంలోని లూవెన్‌లో దీని మీద చాలా పని జరిగింది. ఉపరితలం గరుకుదనం సగటున 0.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే పాచి ఎక్కువ పడుతుందని, అంతకన్నా నునుపు చేసినా కొత్తగా ఒరిగేదేమీ లేదని వాళ్లు తేల్చారు. అందుకే చిగురు గుండా వచ్చే భాగం అద్దంలా పాలిష్ చేసి ఉండాలి. ఎముకలో ఉండే స్క్రూకి మాత్రం గరుకుదనం కావాలి, సుమారు 1 నుంచి 2 మైక్రాన్లు. సన్నటి రేణువులు వేగంగా కొట్టి, యాసిడ్‌లో ముంచి దాన్ని కావాలనే అలా తయారుచేస్తారు, ఎముక బాగా పట్టడానికి. ఎముక కాస్త కరిగి ఆ గరుకు భాగం చిగురులోకి బయటపడిందంటే కష్టం మొదలైనట్టే. బ్యాక్టీరియా దాక్కోడానికి చోటు దొరుకుతుంది, మన బ్రష్ అక్కడికి చేరదు. జిర్కోనియా స్క్రూలకీ ఎముక వైపు ఇలాగే గరుకు చేస్తారు కాబట్టి ఆ గండం దానికీ ఉంది.

జిర్కోనియా వద్దని నేను అనడం లేదు. పైన ముందుపళ్ల దగ్గర, చిగురు 2 మిల్లీమీటర్ల కన్నా పల్చగా ఉన్నవాళ్లకి టైటానియం నీడ బూడిదరంగుగా కనిపిస్తుంది. అక్కడ జిర్కోనియా అబట్‌మెంట్ చాలా బాగుంటుంది, నేనే అడిగి పెట్టిస్తాను. మీది వెనక దవడ పన్ను. నమిలే బరువంతా అక్కడే పడుతుంది. జిర్కోనియా స్క్రూ ఎంత గట్టిదైనా సెరామిక్ కాబట్టి వంగదు, వేళ వికటిస్తే విరుగుతుంది. విరిగిన ముక్కను ఎముకలోంచి తీయడం పెద్ద పని.

మీకు నేనైతే టైటానియం స్క్రూ, దాని మీద టైటానియం బేస్‌కి అతికించి బాగా పాలిష్ చేసిన జిర్కోనియా క్యాప్ పెట్టించుకోమంటాను. బేస్ ఎందుకంటే, జిర్కోనియాని నేరుగా టైటానియం స్క్రూ మీద బిగిస్తే గట్టిది మెత్తదాన్ని అరగదీస్తుంది. క్యాప్‌ని ఇంప్లాంట్‌కి స్క్రూతో బిగిస్తారా, నోట్లోనే సిమెంటుతో అతికిస్తారా అని మీ డాక్టరుని అడగండి. వీలైనచోట స్క్రూ పద్ధతే మేలు, కారణం కింది జవాబులో ఉంది. అబట్‌మెంట్ ఆ ఇంప్లాంట్ కంపెనీదేనా అని కూడా అడగండి. స్క్రూ ఒక కంపెనీది, పై ముక్క చవకగా దొరికిన ఇంకెవరిదో అయితే రెండింటి మధ్య సందు పెరిగే ప్రమాదం ఉంది. ఆ సందులోకి బ్యాక్టీరియా చేరుతుంది, పై ముక్కని పట్టి ఉంచే చిన్న స్క్రూ కూడా వదులవుతుంది.

అమ్మా, నాకు 47. మూడేళ్ల క్రితం పైన ఎడమవైపు ఇంప్లాంట్ వేయించుకున్నాను. నొప్పి లేదు, కదలదు. కానీ ఆర్నెల్లుగా బ్రష్ చేస్తే అక్కడ రక్తం వస్తోంది, పొద్దున్నే ఒక రకమైన వాసన. వేసినచోట చూపిస్తే, "లోపల లోహం ఉంది కదా, కొందరికి అలాగే ఉంటుంది, అలవాటైపోతుంది" అన్నారు. ఎక్స్‌రే తీయలేదు. టెన్షన్‌గా ఉంది. – గృహిణి, హనుమకొండ

అలవాటు చేసుకోకండమ్మా. ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించండి.

ఇంప్లాంట్ దగ్గర రక్తం రావడం మామూలు విషయం కాదు. నొప్పి లేదు, కదలడం లేదు అని ధైర్యం తెచ్చుకోవడానికీ లేదు. సొంత పంటికి వేరు చుట్టూ, దాన్ని ఎముకకి కట్టి ఉంచే లిగమెంట్ అనే పోగుల పొర ఉంటుంది, అందులో నరాలుంటాయి. ఏ కాస్త తేడా వచ్చినా పన్ను మనకి చెప్తుంది. ఇంప్లాంట్‌కి ఆ లిగమెంట్ లేదు. చుట్టూ సగం ఎముక కరిగిపోయినా మిగిలిన సగం గట్టిగా పట్టుకునే ఉంటుంది కాబట్టి కదలదు. అది కదిలే రోజు వచ్చేసరికి చాలాసార్లు తీసేయడం తప్ప దారి ఉండదు.

చిగురు పట్టు కూడా వేరు. సొంత పంటికైతే చిగురులోని పోగులు వేరు పైపొరలోకి దూరి, లోపల పాతుకుని ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పోగులు దానికి సమాంతరంగానో, చుట్టూ తిరిగో ఉంటాయి. ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు బిగుతుగా ఉంటుందే గానీ లోపలికి నాటుకుని ఉండదు. రక్తనాళాలు కూడా అక్కడ తక్కువ. అందువల్ల బ్యాక్టీరియా ఒకసారి లోపలికి దిగితే అడ్డుకునేది తక్కువ, ఎముక దాకా వెళ్లే వేగం ఎక్కువ. ఈ బలహీనత టైటానియానికీ జిర్కోనియాకీ ఒకటే.

చిగురు మాత్రమే వాచి, ఎముక బాగానే ఉంటే దాన్ని మ్యూకోసైటిస్ అంటాం. శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. ఎముక కూడా కరగడం మొదలైతే పెరి-ఇంప్లాంటైటిస్. దీన్ని ఆపడానికి ప్రయత్నిస్తాం గానీ పోయిన ఎముకంతా తిరిగి తేలేం. ఇవి అరుదైన సమస్యలు కావు. వివిధ అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్క ప్రకారం ఇంప్లాంట్లు ఉన్నవాళ్లలో సుమారు 43 శాతం మందికి మొదటిది, 22 శాతం మందికి రెండోది ఉన్నాయి. ఇంప్లాంట్ వేసే ముందు ఈ సంగతి ప్రతి పేషెంటుకీ చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

పాచి వల్లే చిగురు వాస్తుందని నిరూపించిన పరిశోధన ఒకటుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో అనే చిగుళ్ల నిపుణుడు 12 మంది ఆరోగ్యవంతుల్ని కొన్నాళ్లు పళ్లు తోమవద్దన్నారు. మూడు వారాల లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే తగ్గాయి. తర్వాతి కాలంలో ఇంప్లాంట్లు ఉన్నవాళ్ల మీదా ఇలాంటి ప్రయోగమే చేశారు. అక్కడా మూడు వారాల్లో వాపు వచ్చింది. కానీ తోమడం మొదలుపెట్టి మూడు వారాలైనా ఇంప్లాంట్ల దగ్గర చిగురు పూర్తిగా మునుపటిలా కాలేదు. మీరు శుభ్రం చేయించుకున్నాక వెంటనే రక్తం ఆగకపోతే నిరాశపడకండి, దానికి కొంత సమయం కావాలి.

మీ విషయంలో నాకు మొదట అనుమానం వచ్చేది సిమెంటు మీద. క్యాప్ అతికించేటప్పుడు ఎక్కువైన సిమెంటు చిగురు కిందికి జారుతుంది. పైనుంచి చూస్తే కనపడదు. అది గరుకుగా గట్టిపడి, పాచికి నిలవ చోటవుతుంది. అమెరికాలో ఒక చిగుళ్ల నిపుణుడు చిన్న ఎండోస్కోప్‌తో చిగురు లోపల చూసి 2009లో ప్రచురించిన ఫలితాల్లో, జబ్బు లక్షణాలున్న ఇంప్లాంట్లలో 81 శాతం దగ్గర మిగిలిపోయిన సిమెంటు కనిపించింది. దాన్ని తీసేశాక వాటిలో 74 శాతం దగ్గర లక్షణాలు పోయాయి. మీకు అలవాటైపోతుందని చెప్పిన "లోహం సమస్య" ఒక చిన్న సిమెంటు ముక్క కావడానికి బాగా అవకాశం ఉంది. ఇది మంచి వార్తే, తీసేస్తే పోయే సమస్య కాబట్టి.

ఎక్స్‌రే తీయించాక, క్యాప్ పెట్టిన రోజు తీసిన పాత ఎక్స్‌రేతో పోల్చమనండి. పాతది లేకపోతే, 2017 అంతర్జాతీయ సదస్సులో కుదిరిన నిర్వచనం ఒకటుంది: రక్తమో చీమో వస్తూ, చిగురుకీ ఇంప్లాంట్‌కీ మధ్య సందు లోతు 6 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ దిగి ఉంటే పెరి-ఇంప్లాంటైటిస్ కిందే లెక్క. లోతు కొలిచేటప్పుడు కొలతపుల్లని సుతారంగా దింపాలి. శుభ్రం చేయడానికి మామూలు స్టీలు పరికరాలు వాడితే టైటానియం మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్లీ పాచి పడుతుంది. టైటానియం లేదా ప్లాస్టిక్ కొనలున్న పరికరాలు, గ్లైసిన్ లాంటి మెత్తటి పౌడర్‌ని గాలితో కొట్టే యంత్రం వాడతాం. ఎముక బాగా దిగిపోయి ఉంటే చిగురు తెరిచి శుభ్రం చేయాల్సి రావొచ్చు.

ఒక్క మనవి. మెడికల్ షాపులో అడిగి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కోర్సు వేసుకోకండి. పాచి, సిమెంటు అక్కడే ఉండగా మాత్రలు మింగితే వాసన ఓ పది రోజులు తగ్గుతుంది, మీరు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తారు, ఎముక కరగడం మాత్రం ఆగదు.

గిల్టు నగలు పెట్టుకుంటే నాకు చెవులు, మెడ దురదపెట్టి నీరు కారుతుంది. అలాంటిదాన్ని ఎముకలో లోహం పెట్టించుకోవచ్చా? – బ్యాంకు ఉద్యోగిని, కర్నూలు

మీకు పడనిది చాలావరకు నికెల్ అయి ఉంటుంది. ఇంప్లాంట్ టైటానియంలో నికెల్ కలపరు. ఇంప్లాంట్లకి వాడే రకాల్లో గ్రేడ్ 4 అంటే దాదాపు స్వచ్ఛమైన టైటానియం. గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుస్తాయి. టైటానియమే పడనివాళ్లు చాలా తక్కువ. స్పెయిన్‌లో 1,500 మంది ఇంప్లాంట్ పేషెంట్లను పరిశీలించి 2008లో ప్రచురించిన లెక్కలో 9 మందికి మాత్రమే అలర్జీ పరీక్ష పాజిటివ్ వచ్చింది.

మీరు జాగ్రత్తపడాల్సింది పైన వేసే క్యాప్ విషయంలో. మన దగ్గర తక్కువ ధరలో వేసే మెటల్-సెరామిక్ క్యాపుల్లో లోపలి లోహం చాలాచోట్ల నికెల్-క్రోమియం. నికెల్ పడనివాళ్లకి ఆ క్యాప్ అంచు వెంట చిగురు ఎర్రగా వాచి ఉండొచ్చు, ఎంత తోమినా తగ్గదు. దాన్ని పాచి వల్ల వచ్చిన వాపనుకుని క్లీనింగ్ మీద క్లీనింగ్ చేయించుకునేవాళ్లున్నారు. మీ అలర్జీ సంగతి ముందే చెప్పి, నికెల్ లేని లోహం గానీ పూర్తి జిర్కోనియా క్యాప్ గానీ అడగండి. చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకుంటే అనుమానం తీరుతుంది. ఇదివరకే నోట్లో పాత క్యాపులేమైనా ఉంటే వాటి అంచుల్ని కూడా ఒకసారి చూపించండి.

ఆర్టీసీలో డ్రైవర్ని, 52 ఏళ్లు. షుగర్ ఉంది, మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 9.2. పళ్లు ఒక్కొక్కటే కదిలి వాటంతటవే ఊడిపోతున్నాయి. ఉన్నవి కూడా తీసేసి ఒకేసారి ఇంప్లాంట్లు పెట్టించుకుంటే చిగుళ్ల జబ్బు పోతుంది కదా? మంచి విదేశీ కంపెనీదే వేయించుకుంటాను. – కరీంనగర్

అన్నా, పళ్లతో పాటు జబ్బు పోదు. ఇన్నాళ్లూ మీ పళ్లని ఊడగొట్టిన బ్యాక్టీరియా నాలుక మీదా, లాలాజలంలోనూ, మిగిలిన పళ్ల సందుల్లోనూ ఉంటుంది. కొన్ని పళ్లు మిగిలి ఉన్న నోట్లో ఇంప్లాంట్ వేస్తే, దాని చుట్టూ కొత్తగా ఏర్పడ్డ సందులోకి ఆ రకాలు ఒకటి రెండు వారాల్లోనే చేరుతున్నాయని పరిశోధనల్లో తేలింది. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకి ఇంప్లాంట్ దగ్గర కూడా ఎముక కరిగే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. ఏ దేశపు కంపెనీదైనా దీన్ని మార్చలేదు.

ముందు మూడు నెలలు షుగర్ మీద దృష్టి పెట్టండి. మీ డాక్టరుతో మాట్లాడి 7 దగ్గరికి తెచ్చుకోండి. ఆ మూడు నెలల్లోనే చిగుళ్ల లోపలి శుభ్రత చేయించండి. చిగుళ్ల వాపు తగ్గితే షుగర్ అదుపులోకి రావడానికీ కొంత సాయపడుతుంది. ఆ తర్వాత చూస్తే, ఇప్పుడు తీసేద్దామనుకుంటున్న పళ్లలో కొన్ని నిలబడొచ్చు. బీడీ, సిగరెట్ అలవాటుందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి: పొగ తాగేవాళ్ల చిగుళ్లు అంతగా రక్తం కారవు, నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. అంటే జబ్బు ముదురుతున్నా పైకి గుర్తు తెలియదు.

మా అమ్మమ్మకి 70 దాటాయి. అడ్డపొగ తాగుతుంది. కింద పళ్ల సెట్టు నిలవడం లేదు, అన్నం సరిగా తినలేకపోతోంది. రెండు ఇంప్లాంట్లు వేసి వాటి మీద సెట్టు బిగిస్తారట కదా, ఆమెకి పనికొస్తుందా? – డిగ్రీ విద్యార్థిని, పలాస

అమ్మమ్మ తిండి గురించి నువ్వు ఆలోచించినందుకు చాలా సంతోషం తల్లీ. ముందు ఆమె నోరు తెరిపించి పై అంగిలి చూడు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు వల్ల అంగిలి తెల్లబడుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు, పుళ్లు వస్తాయి, కొందరిలో అది క్యాన్సర్ అవుతుంది. 1971లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లు పరీక్షించారంటే ఇది ఎంత పెద్ద సమస్యో ఆలోచించు. నోటి జబ్బుల డాక్టరుకి అంగిలి చూపించాకే ఇంప్లాంట్ మాట.

అంగిలి బాగుండి, ఆమె పొగ మానగలిగితే, నువ్వు విన్న పద్ధతి మంచిదే. పళ్లు అసలు లేని కింది దవడకి రెండు ఇంప్లాంట్ల మీద సెట్టు ఇవ్వడమే మొదటి ఎంపికగా ఉండాలని 2002లో కెనడాలోని మాంట్రియల్‌లో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. చిగురుపరంగా కూడా పెద్దవాళ్లకి ఇది అనువు. సెట్టు బయటికి తీస్తే ఇంప్లాంట్ తలలు రెండూ ఎదురుగా కనిపిస్తాయి, మెత్తటి బ్రష్‌తో నువ్వే తోమగలవు.

సెట్టు అక్రిలిక్‌తో చేస్తారు. దానికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, క్యాండిడా అనే ఫంగస్ అందులో చేరుతుంది. రాత్రి తప్పకుండా తీయించి, సబ్బు నీళ్లతో తోమి, మంచినీళ్లలో ఉంచు. పేస్టుతో తోమకు. అది సెట్టుని గీతలు పెట్టి గరుకు చేస్తుంది.

మాది నల్గొండ జిల్లా. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాను. చిన్నప్పటి నీళ్ల వల్ల ఫ్లోరైడ్ అంటేనే భయం. ఫ్లోరైడ్ పేస్టు టైటానియాన్ని తినేస్తుందని చదివాను. అసలు ఇంప్లాంట్‌ని దేనితో శుభ్రం చేయాలి? నీటిధారతో పళ్ల సందులు కడిగే వాటర్ ఫ్లాసర్ చాలా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

మీ భయం నాకు అర్థమవుతుంది. నల్గొండలో ఫ్లోరోసిస్ ఎన్ని కుటుంబాల్ని వంచేసిందో చూసినవాళ్లకి ఆ మాట వింటేనే గుండె కలుక్కుమంటుంది. అయితే అది ఏళ్ల తరబడి తాగిన నీళ్ల వల్ల వచ్చింది. తోముకుని ఉమ్మేసే పేస్టుతో దాన్ని పోల్చలేం. టైటానియం విషయంలో మీరు చదివింది ఆమ్లగుణం ఉన్న ఫ్లోరైడ్ గురించి. క్లినిక్‌లో పూసే కొన్ని జెల్స్ బాగా పుల్లగా, పీహెచ్ 3, 4 దగ్గర ఉంటాయి. ఆ ఆమ్లంలో ఫ్లోరైడ్ టైటానియం ఆక్సైడ్ పొరని దెబ్బతీయగలదు. అలాంటి జెల్ పెట్టబోతే ఇంప్లాంట్ ఉందని చెప్పండి. ఇంట్లో వాడే మామూలు పేస్టు అంత ఆమ్లంగా ఉండదు. మిగిలిన సొంత పళ్లకి ఫ్లోరైడ్ అవసరం కూడా. బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి మాత్రం ఇంప్లాంట్ ఉన్న నోట్లో వాడకండి.

వాటర్ ఫ్లాసర్ మంచిదే, కానీ ఒక్కటే సరిపోదు. అతుక్కున్న పాచి రాపిడితోనే పోతుంది. మెత్తటి బ్రష్, దాంతో పాటు సందుల్లో తోసే చిన్న బ్రష్‌లు వాడండి. వాటి మధ్య తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి కొనండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు చెప్పినప్పుడు ఒకటి రెండు వారాలు వాడితే చాలు. ఎక్కువ రోజులైతే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, కాఫీ టీలు తాగేవాళ్లకి మరీను. నూనె పుక్కిలింత మీకు హాయిగా ఉంటే చేసుకోండి, బ్రష్ మానకుండా.

వెండి నానో కోటింగ్ ఉన్న ఇంప్లాంట్‌కి బ్యాక్టీరియా అసలు పట్టదని ప్రకటన చూశాను. వేయించుకోనా? – వ్యాపారి, విజయనగరం

ప్రయోగశాలలో వెండి బ్యాక్టీరియాని చంపుతుంది, అది నిజం. కానీ ప్రయోగశాల పాత్రలో ఒకటో రెండో రకాలుంటాయి. నోట్లో వందల రకాలు, లాలాజలం, తిండి, రోజుకి రెండుసార్లు బ్రష్ రాపిడి ఉంటాయి. కోటింగ్ ఎన్నేళ్లు నిలుస్తుంది, పదేళ్ల తర్వాత ఎముక ఎక్కడుంది అన్న లెక్కలు చూపించమనండి. చూపించలేకపోతే ఆ డబ్బు ఆర్నెల్లకోసారి క్లీనింగ్‌కి దాచుకోండి.

మా నాన్నగారికి రెండు ఇంప్లాంట్లు ఉన్నాయి. త్వరలో ఆయన్ని మా దగ్గరికి, బెంగళూరుకి తీసుకెళ్తున్నాం. కొత్త డాక్టరుకి ఏం చూపించాలి? ఎమ్మారై తీయాల్సివస్తే ఇబ్బందా? – అనంతపురం నుంచి ఒక కూతురు

ఎమ్మారైకి ఇబ్బంది లేదు. టైటానియంకి అయస్కాంతం పట్టదు. దవడ దగ్గర బొమ్మ కాస్త చెదురుతుంది, అంతే. అయితే సెట్టుకి అయస్కాంతపు బిగింపులు పెట్టి ఉంటే ముందే చెప్పాలి, వాటి సంగతి వేరు.

ఇంప్లాంట్ ప్యాకెట్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబరు అందులో ఉంటాయి. వేసిన డాక్టరు దాన్ని కేసు షీటుకి అంటించి ఉంచుతారు, కొందరు పేషెంటుకి కార్డు కూడా ఇస్తారు. ఊరు వదిలేముందు వెళ్లి దాని ఫోటో తీసుకోండి. అది లేకపోతే రేపు స్క్రూ వదులైనప్పుడు ఏ కంపెనీ స్క్రూడ్రైవర్ పడుతుందో కూడా కొత్త డాక్టరుకి తెలియక, బాగున్న క్యాప్‌ని పగలగొట్టాల్సిన పరిస్థితి వస్తుంది. క్యాప్ పెట్టిన రోజు ఎక్స్‌రే, ఆ తర్వాత తీసినవి అన్నీ అడిగి తీసుకోండి. క్యాప్ స్క్రూతో బిగించారా, సిమెంటుతో అతికించారా అన్నది కాగితం మీద రాయించుకోండి. బెంగళూరు వెళ్లిన నెలలోపే ఒక చిగుళ్ల వైద్యుడి దగ్గర ఇంప్లాంట్ చుట్టూ లోతులు కొలిపించి రాయించి పెట్టండి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా ఆ అంకెలతోనే పోల్చి చూస్తారు.